హద్దులేని చెలిమి, హద్దురాళ్ళు



2022 ఫిబ్రవరి 4వ తేదీన, బీజింగులో శీతకాలపు ఒలింపిక్సు ఆరంభమైన నాడు, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, రష్యా అధ్యక్షుడు పుతిన్ కలిసి ఒక ప్రకటన వెలువరించినారు. తమ రెండు దేశాల స్నేహానికి హద్దులు లేవనీ, సహకారానికి నిషిద్ధమైన రంగమంటూ ఏదీ లేదనీ అందులో చెప్పుకొన్నారు. సరిగా ఇరవై రోజులకు రష్యా సేనలు ఉక్రెయిన్‌లో ప్రవేశించినవి. నాటి నుండి పత్రికలలో ఈ 'హద్దులేని స్నేహం' అన్న మాట నలిగి నలిగి అరిగిపోయినది.

ముప్పై యేండ్లకు పైగా జిల్లాపరిషత్తు పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను. రాజకీయం కన్న ముందు నా దృష్టి మాట మీదికే పోతుంది. హద్దు అన్న మాటను మనం రెండర్థాలలో వాడుతాము. పొలానికి హద్దు ఒకటి, నోటికీ చేతికీ ఉండవలసిన హద్దు ఒకటి. మాట అరబ్బీది. ఎల్ల, మేర అనే మన మాటలు ఉండగానే వచ్చి కూర్చున్నది. అయినా సర్వే రాయి దగ్గర నిలబడిన రైతు నోట వచ్చేది హద్దే గాని ఎల్ల కాదు. చైనా, రష్యాల సంగతిలో ఈ రెండర్థాలను విడదీయలేము. వారి నడుమ నేలహద్దు 4,200 కిలోమీటర్లకు పైబడినది. దానిని తేల్చుకొనుటకు మూడు వందల యేండ్లకు మించి పట్టినది. అది తేలిన తరువాతనే 'హద్దులేని' అన్న విశేషణం వారి నోట పలికినది. ఆ స్నేహాన్ని అర్థం చేసికొనవలెనన్న ఉపన్యాసాలు విడిచి హద్దురాళ్ళను చూడవలెనని నా అభిప్రాయం.

మొదటి హద్దు 1689 నాటిది. సైబీరియాలో నెర్చిన్‌స్క్ అనే చోట రష్యా జారు దూతలు, మంచూ చక్రవర్తి కాంగ్‌షీ దూతలు కలిసినారు. కాంగ్‌షీ కొలువులో ఉన్న జెసూట్ సన్యాసులిద్దరు, ఒకరు పోర్చుగీసువారు, ఒకరు ఫ్రెంచివారు, దుబాసీలుగా కూర్చున్నారు. సంధిపత్రపు ప్రామాణిక ప్రతిని లాటినులో వ్రాసినారు. రెండు మహాసామ్రాజ్యాలు తమ పొలిమేరను ఇద్దరిలో ఎవరిదీ కాని భాషలో వ్రాసికొన్నవన్న మాట.

తరువాత 1727లో క్యాఖ్తా సంధి. దానితో సరిహద్దు మీద ఒక సంత వెలసినది. రష్యా వైపు ఊరు క్యాఖ్తా. ఎదురుగా చైనావారి ఊరు మైమైచెంగ్. ఆ పేరుకు 'కొనుగోళ్ళ అమ్మకాల ఊరు' అని అర్థం. (ఆ తావు నేడు మంగోలియాలో ఉన్నది.) రష్యా వర్తకులు సైబీరియా అడవుల బొచ్చుతోళ్ళు ఇచ్చి తేయాకు పట్టుకొనిపోయేవారు. తేయాకును అచ్చులలో ఒత్తి ఇటుకలుగా చేసి ఒంటెల మీద వేసేవారు. నాణెం చెల్లించుటను రష్యా ప్రభుత్వం చాలకాలం నిషేధించినది; సరుకుకు సరుకే. కొన్ని చోట్ల ఆ తేయాకు ఇటుకే నాణెంగా చెలామణి అయినది. చైనా ఉత్తరాది వారి 'చా' నేలదారిన పోయి పారసీకానికి, రష్యనుకు, మన ఉర్దూకు చాయ్ అయినది. దక్షిణపు తీరంలో ఫూజియన్ వారి 'తె' డచ్చి ఓడలెక్కి ఐరోపాలో టీ అయినది. హైదరాబాదులో చాయ్ అనీ బెజవాడలో టీ అనీ అడిగే మనం ఆ రెండు దారులనూ రోజూ నోట పలుకుతూనే ఉన్నాము. రష్యనులు మాత్రం ఈనాటికీ చాయ్ పక్షమే.

ఆ సంతలో ఒక సంకరభాష కూడ పుట్టినది. మాటలు రష్యనువి, కూర్పు చైనా పద్ధతిది. అందులో 'నేను', 'నీవు' అనవలసిన చోట 'నాది', 'నీది' అని అర్థమిచ్చే రష్యను మాటలు వాడేవారట. వ్యాకరణం చెప్పి బ్రతికినవాడను గనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు మహదానందమైనది. 'నేను' లేని భాష, 'నాది' మాత్రమే ఉన్న భాష! ఈ రెండు దేశాల సంబంధానికి ఇంతకు తగిన వ్యాకరణం పాణిని వచ్చినా చెప్పలేడు.

పందొమ్మిదవ శతాబ్దిలో చైనా నీరసించినది. 1858లో ఐగున్ సంధి, 1860లో పీకింగు సంధి. అముర్ నదికి ఉత్తరాన, ఉసూరి నదికి తూర్పున ఉన్న నేల రష్యా వశమైనది. ఆంగ్లేయులు, ఫ్రెంచివారు చైనాను కొట్టుచుండగా రష్యా పక్కన నిలబడి సంతకాలు పెట్టించుకొన్నది. ఆ నేల మీద 1860లో వెలసిన ఊరే వ్లదివొస్తోక్. తూర్పును ఏలుట అన్న భావం ఆ పేరులోనే ఉన్నది. చైనావారు ఆ తావును హైషెన్‌వై అంటారు. 2023లో చైనా తన పటాలలో ఆ పాతపేరు కూడ వేయవలెనని నియమం పెట్టినది. అదే సంవత్సరం జూన్ నుండి తన ఈశాన్యపు జిలిన్ రాష్ట్రపు సరుకును దక్షిణానికి పంపుకొనుటకు ఆ రేవును వాడుకొనుట మొదలుపెట్టినది. పటం మీద పాతపేరు, రేవులో కొత్త సరుకు. చైనావారు ఇటువంటివి కేకలు వేయకుండా చేస్తారు.

పాత గాయాలు ఇంకొన్ని ఉన్నవి. 1900లో అముర్ ఒడ్డున బ్లగొవెష్చెన్‌స్క్ పట్టణంలో ఉన్న చైనీయులను రష్యా సైనికులు నదిలోకి తరిమినారు. వేలమంది చచ్చిపోయినారు. ఈ ఊరి పేరు గుర్తుంచుకొనండి, మళ్ళీ వస్తుంది.

ఇక మన తరం ఎరిగిన కథ. 1949 డిసెంబరులో మావో మాస్కో పోయి రెండు నెలలు ఉన్నాడు. 1950 ఫిబ్రవరి 14న ముప్పై యేండ్ల మైత్రీసంధి కుదిరినది. స్టాలిన్ ఇచ్చిన అప్పు 30 కోట్ల డాలర్లు, వడ్డీ ఏడాదికి నూటికి ఒకటి. ఆ దశాబ్దంలో సోవియట్ సాయంతో చైనా తలపెట్టిన భారీ పరిశ్రమలను 156 ప్రాజెక్టులని లెక్క చెప్తారు. చైనావారు సోవియట్ దేశాన్ని 'పెద్దన్న' అని పిలిచేవారు. 1956లో చాంగ్‌చున్ కర్మాగారం నుండి చైనా తొలి ట్రక్కు బయటికి వచ్చినది. పేరు జియెఫాంగ్, అనగా విమోచనం. అచ్చు మాత్రం మాస్కోలో తయారయ్యే స్టాలిన్ కర్మాగారపు ట్రక్కుదే. ఈ ట్రక్కును కూడ గుర్తుంచుకొనండి.

1960 జూలైలో క్రుశ్చేవ్ తన నిపుణులనందరినీ వెనుకకు పిలిచినాడు. వెయ్యిమందికి పైగా ఇంజనీర్లు నెల తిరిగేసరికి పెట్టెలు సర్దుకొని, నక్షాలు చుట్టుకొని వెళ్ళిపోయినారు. సగం లేచిన గోడలు అట్లే నిలిచినవి. చైనా అప్పుడు ఘోరమైన కరవులో ఉన్నది. అయినా 1965 నాటికి సోవియట్ అప్పంతా తీర్చివేసినది. అప్పు ఇచ్చిన పెద్దన్న చేతిలో పడిన అవమానాన్ని చైనా మరచిపోలేదని నా నమ్మకం. నేడు అప్పులిచ్చే స్థానంలో కూర్చున్నప్పుడు అది వేసే ప్రతి అడుగులో నాకు 1960 కనబడుతుంది. 1969 మార్చిలో ఉసూరి నదిలోని ఒక చిన్న లంక కోసం ఇద్దరూ తుపాకులు కాల్చుకొన్నారు. రష్యనులకది దమన్‌స్కీ, చైనీయులకు ఝెన్‌బావ్.

ఆ అన్నదమ్ముల తగవు మన ఊళ్ళకు కూడ వచ్చినది. 1964లో భారత కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినది. చీలికకు మాస్కో, పీకింగుల వివాదమొక్కటే కారణమనలేము. 1962 యుద్ధమున్నది, కాంగ్రెసు పట్ల వైఖరి ఉన్నది. కాని ఒక చిత్రం చూడండి. చీలిన రెండు పార్టీలకూ ప్రధాన కార్యదర్శులు తెలుగువారే అయినారు. ఒకరు నెల్లూరు జిల్లా వారు పుచ్చలపల్లి సుందరయ్య గారు, మరొకరు కృష్ణా జిల్లా వారు చండ్ర రాజేశ్వరరావు గారు. ఎక్కడి అముర్, ఎక్కడి కృష్ణ!

మా ఇంట మా నాన్నగారు ఒక పక్షం, మా పెదనాన్నగారు మరొక పక్షం. మా నాన్నగారి బల్ల మీద 'సోవియట్ భూమి' ఉండేది. దాని నున్నని కాగితాలతో మా నోటు పుస్తకాలకు అట్టలు వేసికొనేవాళ్ళం. పెదనాన్నగారు రాత్రిపూట రేడియో ముల్లు తిప్పి తిప్పి పీకింగు ఆంగ్ల వార్తలు పట్టేవారు. సరిగా వినబడేది గురగురే. 1964 తరువాత ఆ అన్నదమ్ములిద్దరూ మాటలాడుకొనుట మానివేసినారు. ఇళ్ళ నడుమ ఒక్క గోడే అడ్డం. పెళ్ళిళ్ళకు, తద్దినాలకు ఇరువైపుల నుండి కబురు మోసినవాడను నేనే. కొంతకాలానికి, 1967లో, అదే పీకింగు రేడియో నక్సల్బరీని మెచ్చుకొంటూ మార్క్సిస్టు పార్టీని కూడ తిట్టిపోసినది. పెదనాన్నగారు ఆ రాత్రి నుండి రేడియో పెట్టలేదని మా పెద్దమ్మ చెప్పేది. మా నాన్నగారితో మాట మాత్రం కలపలేదు.

1989 మేలో గోర్బచేవ్ బీజింగు పోయినాడు. తగవు ముగిసినదని రెండు దేశాలూ ప్రకటించినవి. మా నాన్నగారు ఆనాటి పత్రిక మడిచి నా చేతికిచ్చి, "ఒరే, ఇది మీ పెదనాన్నకు చూపించి రా" అన్నారు. నేను అప్పటికి ఉద్యోగస్థుణ్ణి, అయినా చిన్నప్పటి వలెనే గోడ చుట్టి వెళ్ళినాను. పెదనాన్నగారు కళ్ళద్దాలు తగిలించుకొని అంతా చదివినారు. "వాళ్ళవి పక్కపక్క చేలురా. గట్టు మీద ఎన్నాళ్ళని కొట్టుకుంటారు?" అని పత్రిక నాకే ఇచ్చినారు. ఆ తరువాత కూడ వారిద్దరూ మాటలాడుకొనలేదు. పాతికేళ్ళలో ఆ అలవాటే పోయినది.

పెదనాన్నగారు చెప్పిన గట్టు సంగతి తరువాత చదివిన పుస్తకాలలో నాకు మళ్ళీ మళ్ళీ ఎదురైనది. నిజానికి గోర్బచేవ్ పోవుటకు ముందే వర్తకులు పోయినారు. 1987లో అముర్ ఒడ్డున ఉన్న చైనా పట్టణం హైహ నుండి రెండు వందల టన్నులకు పైగా పుచ్చకాయలు పడవ మీద అవతలి ఒడ్డుకు వెళ్ళినవి. బదులుగా సోవియట్ వారు మూడు వందల టన్నుల పైచిలుకు ఎరువు ఇచ్చినారు. ఆ అవతలి ఒడ్డు ఏ ఊరు? 1900 నాటి బ్లగొవెష్చెన్‌స్కే. సోవియట్ దేశం కూలిన దినాలలో ము చీజోంగ్ అనే చైనా వ్యాపారి రైలు వ్యాగన్ల కొద్దీ డబ్బా తిండి, బట్టలు ఇచ్చి నాలుగు టుపొలెవ్ విమానాలు తెచ్చుకొన్నాడు. క్యాఖ్తా సంత పద్ధతే మళ్ళీ వచ్చినది. బొచ్చుతోళ్ళకు బదులు విమానాలు, అంతే.

హద్దు తేల్చుకొనే పని ఈలోగా చప్పుడు లేకుండా సాగినది. 1991 ఒప్పందంతో ఆ దమన్‌స్కీ లంక చైనాకు దక్కినది. 1996లో 'వ్యూహాత్మక భాగస్వామ్యం' అన్న మాట పుట్టినది. 2001 జూలైలో ఇరుగుపొరుగు స్నేహసంధి జరిగినది. 2004లో చివరి ఒప్పందం, 2008లో ఖబరోవ్‌స్క్ ఎదుట ఉన్న పెద్ద లంకను చెరిసగంగా పంచుకొనుట. నెర్చిన్‌స్క్‌తో మొదలైన పని 319 యేండ్లకు ముగిసినది.

ఆ పైన గొట్టాల కథ. 2009లో చైనా బ్యాంకు రష్యా చమురు సంస్థకు, గొట్టాల సంస్థకు కలిపి 2,500 కోట్ల డాలర్లు అప్పిచ్చినది. బదులుగా ఇరవై యేండ్ల పాటు ఏడాదికి 1.5 కోట్ల టన్నుల చమురు. 2011 జనవరిలో స్కొవొరొదినో నుండి దాచింగ్‌కు చమురు పారినది. పారిన కొద్ది నెలలకే ధర మీద తగవు వచ్చినది. లెక్కలో తేడా ఉన్నదని చైనా సొమ్ము తగ్గించి చెల్లించినది. చివరకు 2012లో బారెలుకు డాలరున్నర తగ్గించుటకు రష్యా ఒప్పుకొన్నది. గొట్టపు వ్యాపారంలో ఒక మర్మమున్నది. ఓడలో వేసిన చమురును ఈ రేవు కాదంటే ఆ రేవుకు తిప్పుకొనవచ్చును. భూమిలో పాతిన గొట్టం తల తిప్పదు. అవతలి కొసన ఒక్కడే కొనుగోలుదారు ఉంటే, గొట్టం వేసినవాడు వాని గుమ్మంలో నిలబడవలసినదే.

సహజవాయువు సంగతి మరింత తేటగా ఉన్నది. 2014 మేలో, క్రిమియా కలుపుకొన్న రెండు నెలలకు, పుతిన్ షాంఘై పోయి ముప్పై యేండ్ల ఒప్పందం చేసికొన్నాడు. విలువ 40,000 కోట్ల డాలర్లని చాటినారు. ఏడాదికి 3,800 కోట్ల ఘనపు మీటర్లు. ధర మీద పదేండ్లు బెట్టుచేసిన రష్యా పడమటి దేశాలు దూరమైన నాడే దిగివచ్చినదని గమనించండి. 2019 డిసెంబరులో ఆ 'సైబీరియా శక్తి' గొట్టం తెరిచినారు. అయితే దానిలోనికి వాయువు వచ్చేది తూర్పు సైబీరియా బావుల నుండి. ఐరోపాకు అమ్మిన వాయువు యమల్ మొదలైన పడమటి బావులది. ఆ రెంటికీ కలుపుదల లేదు. ఐరోపా సమాఖ్య 2021లో సుమారు 15,000 కోట్ల ఘనపు మీటర్లు కొన్నది. ఆ బేరం పోగానే పడమటి బావులకు కొత్త దారి కావలసి వచ్చినది. మంగోలియా మీదుగా రెండవ గొట్టం, ఏడాదికి 5,000 కోట్ల ఘనపు మీటర్లు అన్నారు. దానికి 2025 సెప్టెంబరులో బీజింగులో సంతకాలైనవని రష్యా సంస్థ ప్రకటించినది. సంతకాలలో ధర లేదు. ధర తరువాత తేల్చుకొంటామన్నారు. తుర్కమెనిస్తాను గొట్టాలున్నవి, ఓడలలో వచ్చే ద్రవవాయువు ఉన్నది, చైనాకు తొందరేమి? హద్దులేని స్నేహంలో బేరసారాలు ఇంత కట్టుదిట్టంగా ఉండుట చూచి కొందరు ఆశ్చర్యపడతారు. ఇన్నేళ్ళు ఈ స్నేహాన్ని నిలిపినది ఆ బేరమే కదా!

యుద్ధం తరువాత వ్యాపారం మాత్రం పొంగినది. 2021లో సుమారు 14,700 కోట్ల డాలర్లు ఉన్నది 2023లో 24,000 కోట్లు దాటినది. 2024లో ఇంకొంచెం పెరిగినది, 2025లో తగ్గినది. రష్యా విదేశీ వ్యాపారంలో మూడవ వంతుకు పైగా చైనాతోనే. చైనా వ్యాపారంలో రష్యా వాటా నూటికి నాలుగు మాత్రం. ఒకరికి ఊపిరి, మరొకరికి చిల్లర లెక్క. 2023 డిసెంబరులో అమెరికా, రష్యా యుద్ధసామగ్రి లావాదేవీలు నడిపే బ్యాంకులను శిక్షిస్తానని బెదిరించగానే చైనా పెద్ద బ్యాంకులు రష్యా చెల్లింపులను ఆపి ఆపి పంపినవి. అక్కడ హద్దు కనబడినది.

ఆ ట్రక్కును గుర్తుంచుకొమ్మన్నాను గదా. 2022లో ఫ్రెంచి సంస్థ రెనో మాస్కోలోని తన కర్మాగారాన్ని వదలి వెళ్ళినది. రష్యావారు అందులో సోవియట్ నాటి 'మస్క్విచ్' కారును మళ్ళీ పుట్టించినామని పండుగ చేసినారు. విడిభాగాలు విప్పి చూస్తే చైనా జేఏసీ సంస్థ కారు. 1956లో చాంగ్‌చున్‌లో మాస్కో ట్రక్కుకు చైనా పేరు. 2022లో మాస్కోలో చైనా కారుకు రష్యా పేరు.

ఆదిపర్వంలో ద్రోణ ద్రుపదుల కథ ఏటేటా పిల్లలకు చెప్పేవాడను. గురుకులంలో మిత్రులు. రాజైన తరువాత ద్రుపదుడు, సములు కానివారికి స్నేహమేమిటని పొమ్మంటాడు. ద్రోణుడు అర్జునుని చేత అతనిని కట్టి తెప్పించి, సగం రాజ్యం తాను ఉంచుకొని, సగం తిరిగి ఇచ్చి, ఇక మనం సమానులం, స్నేహితులం అంటాడు. వారి నడుమ హద్దు గంగానది. ద్రుపదుడు తలవంచి సరేనన్నాడు. లోలోపల మాత్రం ద్రోణుని చంపే కొడుకు కోసం యజ్ఞం చేసినాడు. పోలికను చివరిదాకా లాగను. ఎవరూ యజ్ఞం చేస్తున్నారని నేననను. కాని మన పత్రికలలో రేపో మాపో ఈ ఇద్దరూ విడిపోతారని వ్రాసేవారి మాట కూడ నాకు నచ్చదు. రష్యాకు పోవుటకు మరొక గుమ్మం లేదు. చైనాకు ఉత్తరాన నాలుగు వేల కిలోమీటర్ల గట్టు ప్రశాంతంగా ఉండుట కన్న లాభం మరొకటి లేదు. ప్రేమ లేకుండా కూడ ఇటువంటి కాపురాలు చాలకాలం సాగుతాయి.

మనకు సంబంధించినది ఒక్కటి చెప్పవలె. రష్యా మన పాత మిత్రుడు గనుక చైనాను అదుపులో ఉంచుతుందని నమ్మే పెద్దలు మనలో చాలమంది ఉన్నారు. అన్నదమ్ముల తగవు ముదిరిన 1962 అక్టోబరులోనే, క్యూబా గండం నెత్తికి వచ్చేసరికి, సోవియట్ పత్రిక ప్రావ్దా చైనా ప్రతిపాదనలను సమర్థించినది. అప్పటికి చైనాకు అప్పిచ్చినవాడు రష్యా. నేడు అప్పు, గొట్టం, కారు, బ్యాంకు అన్నీ అటువైపున ఉన్నవి. అమ్ముడుపోవలసినవాడు కొనేవానిని అదుపు చేయుట నేను ఏ సంతలోనూ చూడలేదు.

బ్లగొవెష్చెన్‌స్క్, హైహ పట్టణాల నడుమ 2022 జూన్‌లో రోడ్డు వంతెన తెరిచినారు. దానికి దిగువన తోంగ్‌జియాంగ్ దగ్గర రైలు వంతెన అదే సంవత్సరం నవంబరులో తెరిచినారు. రైలు వంతెనలో నాలుగింట మూడు వంతులకు పైగా చైనా కట్టవలసిన భాగం. రష్యా వంతు చిన్నముక్క. చైనా తన భాగం నదిలోకి కట్టుకొనివచ్చి, అవతలి ముక్క కోసం ఎదురుచూచినది. ఇప్పుడు రైళ్ళు నడుస్తున్నవి. రష్యా పట్టాల నడుమ వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, చైనాది 1,435. తేడా బెత్తెడు. ఆ బెత్తెడు కోసం సరిహద్దు స్టేషన్లలో సరుకునంతా ఒక బండి నుండి మరొక బండికి మార్చుకొంటున్నారు, లేదా బండిని పైకెత్తి చక్రాలు మారుస్తున్నారు.